రంగం నుంచి నడిచొచ్చినవాడు, గుణుపురం బండి ప్రేమ: పర్లాకిమిడిలో నా కథల పని

ఈ ఏడాది నేను పెట్టుకున్న పని ఇది. ఊరు మారకూడదు, కథ రకం మారాలి. ఒక ప్రేమకథ, ఒక రక్తపిశాచి కథ, ఒక నేర పరిశోధన, అన్నీ ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడిలోనే జరగాలి. పగలు రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రాత్రి అన్నాలయ్యాక గంట, గంటన్నర రాతకి దొరుకుతుంది. ఎంతవరకు వచ్చిందో, ఏది ఎలా కుదిరిందో రాసి పెట్టుకుంటే నాకూ పనికొస్తుంది, ఇలాంటి సరదా ఉన్నవాళ్ళకీ పనికొస్తుంది.

ఎండాకాలం: ప్రేమకథ

ముందు ప్రేమకథతో మొదలుపెట్టాను. అమ్మాయిది పర్లాకిమిడి తెలుగు ఇల్లు, గుణుపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అబ్బాయిది అదే ఊళ్ళో ఒడియా ఇల్లు. తండ్రి కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేస్తాడు. అబ్బాయి గుణుపురంలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. ఇద్దరూ రోజూ ఒకే పాసింజరు ఎక్కుతారు.

ఒక అధ్యాయానికి ఒక ప్రయాణం అని కొలత పెట్టుకున్నాను. బండి పర్లాకిమిడిలో కదిలితే అధ్యాయం మొదలు, గుణుపురంలో ఆగితే అయిపోయినట్టే. ఈ ఒక్క కట్టుబాటుతో కథ సాగదీసే అవకాశమే పోయింది. చెప్పాల్సిన మాట కాశీనగరం దాటేలోపు నోటికి రావాలి, రాకపోతే రేపటి దాకా ఆగాలి. ప్రేమకథకి కావలసిన బిగువు ఆ ఆగడంలోనే ఉంది. ఒప్పుకోని తండ్రినో, అడ్డొచ్చే బావనో తెచ్చి పెట్టనక్కర్లేదు. కిటికీ పక్క సీటు ఎవరికి, ముందు ఎవరు దిగాలి, టిఫిన్ డబ్బా ఎవరు ముందు తెరవాలి, ఇవి చాలు.

నాకు బాగా నచ్చిన ఘట్టం డబ్బాల దగ్గరే వచ్చింది. వేసవిలో ఆమె డబ్బాలో తరవాణి అన్నం, అతని డబ్బాలో పఖాళ, అంటే ఒడియా ఇళ్ళ నీళ్ళన్నం. ఇద్దరూ మూత తీసి, ఒకరి డబ్బాలోకి ఒకరు చూసి, నంజుకునేది మాత్రం మార్చుకుంటారు. ఆమె ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇస్తుంది. అతను వడియాలు నలిపి చేసే బడిచూరా ఇస్తాడు. ఆ పేజీలో ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు.

ఈ రైలు గురించి ఒక జాగ్రత్త. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసింది రెండున్నర అడుగుల చిన్న గేజి. 1931 నాటికి అది గుణుపురం దాకా వెళ్ళింది. బ్రాడ్‌గేజి కోసం 2004లో ఆ చిన్న బండి ఆపేశారు. కాబట్టి ఈ లైను మీద కథ రాసేవాళ్ళు ఏ సంవత్సరమో ముందే ఖాయం చేసుకోవాలి. చిన్న బండి పెట్టెల్లో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి, ఇప్పటి బండిలో తగలవు. ప్రేమకథలో అది చిన్న తేడా కాదు. నాది ఇప్పటి బండి కథ.

చివరి అధ్యాయం ఒక్కటీ రైలు బయట జరుగుతుంది. అతని ఇంటి వాకిట్లో ఆమె నిలబడి ఉంటుంది, లోపలి నుంచి అతని తల్లి "భితొరొకు ఆసొ" అంటుంది. లోపలికి రమ్మని. అంతవరకూ ఆ పిలుపు రాకుండా కథంతా నడిపించాను. మొత్తం పూర్తయింది, ఒకసారి తిరగరాశాను, మా అప్ప (అక్క) చదివింది.

ఆగస్టు: మాటలు

గిడుగు రామమూర్తి గారు మాస్టరుగా పనిచేసిన ఊరు ఇది. ఇక్కడ ఉండే సవర భాష నేర్చుకున్నారు, వాడుక భాష కోసం పోరాడారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు, అది ఇష్టం లేక రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అలాంటి ఊళ్ళో కూర్చుని పుస్తకాల తెలుగులో సంభాషణలు రాయడం నాకు మనసొప్పదు. కథనం మామూలు తెలుగులో, మాటలు మాత్రం మా ఇళ్ళలో మాట్లాడినట్టే ఉండాలని ఆయన పుట్టినరోజు నాడు, ఆగస్టు 29న, పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

ఒడియా మాటలకి నేను పాటించే పద్ధతి ఒకటుంది. పాత్ర మొదటిసారి నోరు విప్పినప్పుడు ఒక చిన్న ఒడియా వాక్యం తెలుగు లిపిలో పెడతాను, "కెమితి అఛొ" లాంటిది. ఆ తర్వాత అతని మాటలన్నీ యాస లేని తెలుగులో రాస్తాను. పక్కన ఆమె "ఏటి సేస్తన్నావు" అంటుంటే, ఇతను "ఏం లేదు" అంటాడు. ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారో పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. ప్రతి వాక్యానికీ అర్థం రాస్తూ పోతే కథ నిఘంటువు అయిపోతుంది.

టైపింగ్ ఫోనులో. గొంతుతో టైపు చేసే సౌకర్యం కథనానికి బాగుంది, సంభాషణకి మాత్రం వాడను. నేను "ఎల్లిపోనాడు" అంటే అది "వెళ్ళిపోయాడు" అని దిద్దేస్తుంది. ఇంగ్లీషు మాటలకి విభక్తి చేరేచోట ఒత్తులు కలిసిపోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని గుర్తు పెట్టాలి. అప్పుడే "స్టేషన్లో" బదులు "స్టేషన్‌లో" అని విడిగా కనిపిస్తుంది. ఇది కీబోర్డులో దొరక్కపోతే ఒకచోట నుంచి కాపీ చేసి ఫోను సొంత నిఘంటువులో పెట్టుకోండి.

మాటల లెక్కతో రోజు పని కొలవడం తెలుగుకి అంత నప్పదు. "వెళ్ళిపోవాలనుకుంటున్నాను" అన్నది ఒక్క మాట కింద లెక్కకి వస్తుంది. అందుకే నా కొలత ఘట్టం. ఒక రాత్రికి ఒక ఘట్టం, లేదా ఒక ఘట్టంలో సగం.

దసరా తర్వాత: రక్తపిశాచి

ఎక్కువ కాలం పట్టింది దీనికే, ఎక్కువ ఇష్టంగా రాస్తున్నదీ దీన్నే.

మొదట నియమాల కాగితం తయారుచేసుకున్నాను. ఎడమ పక్క యూరప్ పిశాచి లక్షణాలు, కుడి పక్క మన ఊళ్ళో దానికి చోటుందా లేదా అన్నది. ఎండతో మొదలుపెడితే, బ్రామ్ స్టోకర్ 1897 నాటి నవలలో డ్రాకులా పగలు కూడా బయట తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండకి పిశాచి చచ్చిపోవడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో వచ్చింది. కాబట్టి అది తప్పనిసరి కాదు, తీసేశాను. వెల్లుల్లి కూడా కొట్టేశాను. మన వంటింట్లో అది రోజూ ఉండేదే, దానికి భయపడే పిశాచి పర్లాకిమిడిలో ఒక్క రాత్రి నిలవలేడు. శవపేటిక, సమాధి మట్టి కూడా కుదరవు. దహనం చేసే ఇళ్ళలో పిశాచి ఎక్కడి నుంచి లేస్తాడు?

కథ ఈ ప్రశ్న దగ్గరే పుట్టింది. దహనం జరగనివాడు, కర్మ జరగనివాడు కావాలి. మా వైపు పాత తరంలో రంగం వెళ్ళని వీధి లేదు. గోపాలపురం రేవులో ఓడెక్కి బర్మా పోయేవారు, రంగూన్ని రంగం అనేవారు. 1941 డిసెంబరులో అక్కడ జపాను బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఊరు జపాను చేతికి చిక్కింది. మనవాళ్ళు వేలూ లక్షలుగా అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ ఇండియా వైపు బయల్దేరారు. ఎందరో దారిలో పోయారు. వాళ్ళకి ఎవరూ నిప్పు పెట్టలేదు, నీళ్ళు వదల్లేదు. నా పిశాచి ఆ దారిలో పోయినవాడు. పోయాడని తనకి తెలియకుండానే ఇంటికి నడిచొచ్చాడు.

రాత్రిపూటే నడిచాడంటే ఎవరికీ అనుమానం రాదు, విమానాల భయం ఉంది కదా. చిక్కిపోయాడన్నా, అన్నం ముట్టడన్నా, ఆ దారిలో వచ్చినవాళ్ళందరూ అలాగే ఉన్నారు. నేను కల్పించవలసింది చాలా తగ్గిపోయింది.

అతను మొదటిసారి తలుపు కొట్టే రాత్రి కోసం తేదీ వెతికాను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రాత్రి కోస్తా అంతా హడలిపోయి ఉంది, మా కథలోని ఇంట్లో దీపం ఆర్పేశారు. పంచాంగం లెక్క చూస్తే చిత్రభాను సంవత్సరం, చైత్ర బహుళం. పౌర్ణమి అయ్యి నాలుగైదు రోజులు. అంటే రాత్రి పదిన్నర దాకా చంద్రుడు రాడు. రాత్రి కథలు రాసేవాళ్ళు తిథి చూసుకోవడం మంచిది. వెన్నెల ఉందో లేదో తెలిస్తే ఎవరు ఎవరిని ఎంత దూరం నుంచి గుర్తుపట్టగలరో తెలుస్తుంది.

నియమాల్లో రెండు ఉంచుకున్నాను. పిలవనిదే గడప దాటలేడు. పసుపు రాసి బొట్లు పెట్టే గడపలున్న ఊళ్ళో ఈ నియమానికి వివరణే అక్కర్లేదు. రెండోది గింజల లెక్క. యూరప్ పల్లె కథల్లో గసగసాలో చిరుధాన్యమో చల్లితే పిశాచి ఒక్కొక్క గింజా లెక్కపెట్టకుండా కదల్లేడు. మా ఇళ్ళలో దిష్టికీ గాలికీ ఆవాలు ఉండనే ఉన్నాయి. ఆ రాత్రి అత్తగారు గడప బయట ఆవాలు చల్లుతుంది. కొడుకు గొంతు గుర్తుపట్టి, అది కొడుకు కాదని కూడా గుర్తుపట్టిన తల్లి ఆమె.

అతను గడప బయట కూర్చుని ఆవాలు ఏరుతూ లెక్కపెడతాడు. తలుపు లోపల భార్య. తెల్లారే దాకా ఇద్దరూ మాట్లాడుకుంటారు.

"ఇంకా పడుకోనేదా?"

"నువ్వు ఎల్లినకాడి నుంచీ నేదు మావా."

"తలుపు తియ్యి."

"లెక్క తప్పిపోద్ది. ఎన్నయ్యేయి?"

ఈ నాలుగు మాటల దగ్గర నాకు తెలిసింది, నేను మళ్ళీ ప్రేమకథే రాస్తున్నానని. అక్కడ కథంతా తల్లి పిలుపు కోసం ఆగింది, ఇక్కడ భార్య పిలుపు కోసం ఆగుతోంది. రెండు రకాల కథలూ నడిచేది లోపలికి రమ్మనే హక్కు ఎవరిదన్న దాని మీదే. అందుకే పిశాచి కథలో భయం తగ్గినట్టనిపిస్తే రక్తం పెంచను, ఆమెకి తలుపు తియ్యాలనే కోరిక పెంచుతాను. ఆమె చేతిలో అతను వెళ్ళేముందు ఇచ్చిన కొమ్ము దువ్వెన ఉంటుంది. ప్రేమకథ కోసం ఆ పని గురించి తెలుసుకున్న వివరాలు ఇక్కడికీ వచ్చాయి. కొమ్ముని వేడి చేసి చదును చేస్తారు, తర్వాత పళ్ళు కోస్తారు. పట్టుకుంటే చేతి వేడికి మెల్లగా వెచ్చబడుతుంది.

రెండో రాత్రి 1954లో. చట్టం ప్రకారం ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి పోయినట్టు భావించవచ్చు, పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షను. అలా చూస్తే 1949కే అయిపోవాలి, మరిది ఆస్తి కోసం అదే అంటాడు. ఆచారం ప్రకారం పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఆ తర్వాత మోదుగ కాడలతో మనిషి బొమ్మ కట్టి దహనం చేసి కర్మ చేస్తారు. భార్య పన్నెండేళ్ళ లెక్కే పట్టుకుంటుంది. ఆ ఐదేళ్ళ తేడా కథకి వెన్నెముక. బొట్టు తియ్యదు, ఆవాలు మానదు, తలుపు తియ్యదు. ఈలోగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి, నది అవతల ఊరు మద్రాసు నుంచి ఆంధ్రలోకి మారుతుంది. ఈ ఇల్లు మాత్రం ఒరిస్సాలో ఉంటుంది. దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను.

అప్పకి మొదటి రాత్రి చదివి వినిపించాను. పాతపట్నం నుంచి ఆదివారాలు వస్తుంది, వంట చేస్తూ వింటుంది. ఆవాల దగ్గర చెయ్యి ఆగిపోయింది. "అత్తది కూడా తల్లి మనసే కదా, ఆయమ్మ ఏటి సేసింది ఆ రాత్రంతా? ఒక్క మాట కూడా ఆడించవేటి?" అంది. నిజంగా మంచి ప్రశ్న. అత్తగారికి ఇప్పుడు ఒక పేజీ ఇచ్చాను. ఆమె గోడ వారన కూర్చుని తనూ లోపల్లోపల లెక్కపెడుతుంది, కొడుకు ఎక్కడ ఆగాడో వినడానికి.

నేర పరిశోధన, కొద్దిగా

దీనిలో ఇంకా రూపం రాలేదు. శవం సరిహద్దు మీద దొరుకుతుంది, ఇది మాది కాదంటే మాది కాదని రెండు స్టేషన్లూ అంటాయి. ఇది నాకు అందివచ్చిన మొదటి ఆలోచన. కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో, 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదు ఎక్కడైనా తీసుకోవాలి. ఇప్పటి కథ అయితే ఈ తగవు చట్టం ముందు నిలవదు. కథని 1990ల్లోకి జరుపుతున్నాను. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది. కొత్త జిల్లా, కొత్త ఆఫీసు, గంజాం నుంచి రావలసిన ఫైళ్ళు. ఆధారం పోవడానికి అంతకన్నా మంచి కాలం ఉండదు.

ఇప్పుడు ఎక్కడున్నాను

ప్రేమకథ పూర్తి. పిశాచి కథలో మొదటి రాత్రి తిరగరాయడం అయింది, రెండో రాత్రి చిత్తు సగంలో ఉంది. కర్మ చేయించే పెద్దాయన్ని కలిసి మోదుగ కాడల బొమ్మ కట్టే వరస అడిగి రాసుకోవాలి. తల నుంచి మొదలుపెడతారా, పాదాల నుంచా, ఆ సమయంలో భార్య ఎక్కడ కూర్చుంటుంది, ఇవి తెలియకుండా ఆ ఘట్టం ముట్టను. అతను ఆ రాత్రి వచ్చి వాకిట్లో తన బొమ్మనే చూస్తాడు. అప్పుడు ఆమె రమ్మంటుంది. రమ్మన్నాక గడప లోపల అతను వేసే మొదటి అడుగు ఆమె వైపు నుంచి రాయాలా, అత్తగారి వైపు నుంచి రాయాలా అన్నది తేల్చుకోవాలి. రెండు విధాలుగానూ రాసి, వచ్చే ఆదివారం అప్పకి రెండూ చదువుతాను.