గోడ దుంకితే ఏముంది?

మన పాత బడిని కూలగొడుతున్నారని 2018లో దోస్తు ఫోన్ చేసి చెప్పాడు. మన బ్యాచ్‌లో సుతారి పని నేర్చినవాడు వాడొక్కడే. దసరాకు హన్మకొండ వచ్చి, ఇద్దరం టేపు పట్టుకొని రెండు రోజులు బడంతా కొలిచాం. నేను అడుగులు, అంగుళాలు రాసుకుంటుంటే వాడు గోడ మీద అరచెయ్యి పెట్టి, "డంగు సున్నంరా, ఇప్పుడెవడు కడ్తడు" అంటూ నిలబడ్డాడు.

కంప్యూటర్ గేములకు ఇళ్లూ వీధులూ కట్టడం నా కొలువు. ఈ పిచ్చి ఇంటర్‌లోనే, నక్కలగుట్టలో ఒక గేమ్ సెంటర్‌లో పట్టుకుంది. 1996లో వచ్చిన క్వేక్ అనే తుపాకీ ఆట ఆడేవాళ్లం. ఆడేవాళ్లే సొంతంగా గదులు కట్టుకోవచ్చని తెలిశాక నాకు తుపాకీ మీద మోజు పోయింది. 2015లో గేములు కట్టే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ ఉచితంగా దొరికేసరికి మొదట వేయిస్తంభాల గుడి మీద పడ్డాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో ఒక్క స్తంభం గాడులు కంప్యూటర్లోకి ఎక్కించేలోపే నెల గడిచింది. చేతులెత్తేశాను. దానికంటే బడి నయం కదా, నాలుగు గోడలు, వరండా, గూన పెంకులు.

నయమని అనుకున్నానంతే. గోడల ఫొటోలు ఎండలో తీశాం. వాటిని బొమ్మ గోడలకు అతికిస్తే, ఫొటోలో పడ్డ వేపచెట్టు నీడ ఒకటి, ఇంజిన్ వేసే నీడ ఇంకొకటి. ఒకే చెట్టుకు రెండు నీడలు! మబ్బు పట్టిన రోజు చూసి దోస్తే మళ్లీ తీసి పంపాడు. ఆ నెలలోనే బడి కూలింది.

తర్వాత అరుగు. మన వరండా అరుగు అడుగున్నర, అంటే 45.7 సెంటీమీటర్లు. అన్‌రియల్‌లో మనిషి బొమ్మ ఎక్కే మెట్టు, మనం మార్చకపోతే, 45 సెంటీమీటర్లు దాటకూడదు. మనవాడు అరుగు ముందే నిలబడిపోయాడు, ఆలస్యంగా వచ్చి పీఈటీ సారుకు దొరికినట్టు. ఆ 45ను 50 చేయడం నిమిషం పని. కారణం దొరకడానికే పూటంతా పట్టింది.

అసలు తంటా కొలతలు సరిగ్గా ఉండటంతోనే వచ్చింది. వీడియో పంపితే "ఇది మన బడి కాదురా, ఇంత చిన్నగ లేకుండె" అన్నాడు, టేపు రెండో కొస పట్టుకున్నవాడే! తెర మీద అసలు కొలత గది ఇరుగ్గా కనిపిస్తుంది. అందుకే గేముల్లో తలుపులూ నడవాలూ కావాలనే పెద్దవి కడతారు. బడిని సాగదీయడానికి నాకు మనసొప్పలేదు. గోడలు ముట్టకుండా కెమెరాను దించాను. 160 సెంటీమీటర్ల దగ్గరున్న కన్ను 125కు, ఆరో తరగతి పిల్లగాడి ఎత్తుకు వచ్చింది. కిటికీ గట్టు గడ్డం దాకా లేచింది. హెడ్మాస్టరు గది తలుపును తలెత్తి చూడాల్సి వచ్చింది. వరండా చివర వేలాడే రైలు పట్టా ముక్క కూడా పెట్టాను. దగ్గరికెళ్లి మీట నొక్కితే గంట మోగుతుంది.

మొన్న సంక్రాంతికి ల్యాప్‌టాప్ వాడి ముందు పెట్టాను. గంట కొడతాడనుకున్నాను. నేరుగా నల్లాల వెనక్కి ఉరికి కంపౌండు గోడ దుంకాడు. గోడ అవతల నేనేమీ కట్టలేదు. నేలే లేదు. మనవాడు కిందికి పడుతూనే ఉన్నాడు.

"గోలీ సోడా బండేదిరా?" అన్నాడు.