జెర్సీ మీద పాపీ పువ్వు

నవంబర్ వస్తే చాలు ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మళ్ళీ అదే గొడవ, జెర్సీ మీద ఎర్ర పాపీ పువ్వు ఎవరు వేసుకున్నారు ఎవరు వేసుకోలేదు అని. ఆ పువ్వు పెట్టుకుని యుద్ధాల్లో చనిపోయిన సైనికులని తలుచుకోవడం మంచిదే, నాకు దాని మీద చాలా గౌరవం ఉంది. కానీ వేసుకోనివాడిని గ్రౌండ్‌లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి బూతులు తిట్టడం ఏంటండీ?

ఐర్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్లీన్ సంగతే చూడండి. అతను ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ అనే ఊళ్ళో, క్రెగ్గాన్ అనే ఏరియాలో పెరిగాడు, 1972 జనవరి 30న బ్రిటిష్ సైనికులు డెర్రీలో ఊరేగింపులో ఉన్న మామూలు జనం మీద కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది పోయారు, వాళ్ళలో కొందరు ఆ క్రెగ్గాన్ వాళ్ళే. 2014లో క్లబ్ ఓనర్‌కి లెటర్ రాసి మరీ చెప్పాడు, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసమే అయితే వేసుకుంటాను, కానీ ఈ పువ్వు మిగతా యుద్ధాలకి కూడా కదా అని. ఇంత వివరంగా చెప్పినా ఏళ్ళ తరబడి తిట్లు ఆగలేదు, అదే నాకు బాధ.

2018లో సెర్బియా ఆటగాడు మాటిచ్ కూడా వేసుకోలేదు, బ్రిటన్ కూడా ఉన్న నాటో సైనిక కూటమి 1999లో సెర్బియా మీద చేసిన బాంబు దాడులు అతని సొంత ఊరు వ్రెలో మీద కూడా పడ్డాయి మరి.

ఈ పువ్వులు అమ్మే మాజీ సైనికుల సహాయ సంస్థ రాయల్ బ్రిటిష్ లీజియనే వేసుకోవడం ఎవరిష్టం వాళ్ళది అంటోంది, ఇక స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళకి బలవంతం చేసే హక్కు ఎక్కడిది?