ఏ లినక్స్ వెయ్యాలో చెప్పే ముందు నేను అడిగేవి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. అంతకంటే పాతవి, ఇంకా చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. విండోస్ బదులు వాటిలో ఉచితంగా వేసుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. అందులో ఉబుంటు, మింట్ లాంటి రకాలు చాలా ఉన్నాయి, వాటినే డిస్ట్రోలంటారు. మద్దతు ఆగినప్పట్నుంచీ చుట్టాలూ, కాలేజీలో తోటి లెక్చరర్లూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏ లినక్స్ వెయ్యమంటావు?"

అందరికీ ఒకే పేరు చెప్పేస్తే పని తేలిక. నేను చెప్పను. ఆ కంప్యూటర్ ముందు రోజూ ఎవరు కూర్చుంటారు, ఏం పని చేసుకుంటారు, వేళ్ళు ఏ కీబోర్డుకి అలవాటుపడ్డాయి అని ముందు అడుగుతాను. ప్రాసెసరూ ర్యామూ ఆ తర్వాత.

మా నాన్న సంగతే చూడండి. విజయవాడలో ప్రెస్సులో డీటీపీ చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఉన్నది కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. హార్డ్ డిస్కు తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాను. పాత కంప్యూటర్‌కి మనం చేయగలిగిన మేలు ఇంతకన్నా పెద్దది లేదు, ఏ లినక్స్ వేసినా సరే. నాన్న తెలుగు కొట్టేది ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌లో (ఏ కీకి ఏ అక్షరం అనే అమరిక). డీటీపీలో అను ఫాంట్లతో (తెలుగు అచ్చు పనికి వాడే ఫాంట్లు) పనిచేసినవాళ్ళలో చాలామంది చేతులకు అదే తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడే ఆర్‌టీఎస్ పద్ధతి నాకు సుఖం. నాన్నని అందులో కూర్చోబెడితే ప్రతి అక్షరానికీ ఆగి ఆలోచించాలి. జీవితమంతా చూడకుండా కొట్టిన మనిషిని అలా కూడబలుక్కునేలా చేయడం నాకు ఇష్టం లేదు.

అందుకని నేను మొదట చూసింది డెస్క్‌టాప్ అందాన్ని కాదు, ఐబస్‌ని, అంటే లినక్స్‌లో తెలుగు లాంటి భాషలు కొట్టడానికి వాడే ప్రోగ్రామ్‌ని. ఐబస్‌తో పాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, ఐట్రాన్స్ లేఅవుట్లు అన్నీ వస్తాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ దేనిలోనైనా ఇది దొరుకుతుంది. ఇక మిగిలింది బరువు. 4 జీబీలో హాయిగా నడవాలి, మెనూ ఎడమవైపు కింద ఉండాలి, ఆరు నెలలకోసారి రూపం మారిపోకూడదు. లినక్స్ మింట్‌లో తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. మింట్ 22 ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ళు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మొదటి రోజు ఒక పేరా కొట్టి, "అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా" అన్నారు నాన్న. నాకు కావలసింది అదే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో మెమరీని తినేది ఎక్కువగా లినక్స్ కాదు, బ్రౌజర్. ఎంత తేలికైన డిస్ట్రో వెతికి వేసినా, యూట్యూబ్ ఒక ట్యాబులో, వాట్సాప్ ఇంకో ట్యాబులో తెరిస్తే 2 జీబీ చాలదు. అలాంటప్పుడు డిస్ట్రోలు మార్చి మార్చి వెతకడం కంటే ఇంకో ర్యామ్ స్టిక్ కొనడం నయం.

అక్క కొడుకు ల్యాప్‌టాప్ కథ వేరు. ఆరో తరం ఐ5, 8 జీబీ. పాతదేం కాదు, కానీ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, సీ, పైథాన్ ల్యాబులున్నాయి. కాలేజీ వాళ్ళు చెప్పిన ఒక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందట, అందుకని విండోస్, లినక్స్ రెండూ ఉంచాం. మింట్‌లోనే కాస్త బరువైన సినమన్ ఎడిషన్ వేశాం. రెండూ ఉంచుకునేవాళ్ళు ముందు విండోస్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని పూర్తిగా ఆపకుండా ఉంచే సెట్టింగ్) ఆపెయ్యాలి, బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే సౌకర్యం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలి, డిస్కులో ఖాళీ చేయడం కూడా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయాలి. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తుంది. బ్యాటరీ పోయిందని షాపుకి పరిగెత్తకండి. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. ఏదో ఒక వైపు సెట్టింగ్ మారిస్తే సరి.

అక్క షాపులో కంప్యూటర్‌కి మాత్రం లినక్స్ వద్దన్నాను. పెళ్ళి శుభలేఖలు, ఫ్లెక్సీలు, అన్నీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫోటోషాప్. ఆ పని మీదే ఇల్లు నడుస్తోంది. లినక్స్ మీద నాకున్న ప్రేమ కోసం అక్క పెళ్ళిళ్ళ సీజన్‌ని పణంగా పెట్టలేను. మైక్రోసాఫ్ట్ ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి 2026 అక్టోబర్ దాకా ఇచ్చిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేయించాను. ఆ గడువు తర్వాత ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేసి, మెయిళ్ళకీ ఆన్‌లైన్ చెల్లింపులకీ పక్కన చిన్న లినక్స్ కంప్యూటర్ పెట్టమన్నాను.

ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు కష్టమైన పని కాదు. కష్టపడాల్సింది దానికి ముందు. లినక్స్ ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) దింపుకున్నాక, అది సరిగ్గా దిగిందో లేదో తెలియడానికి సైట్లో ఇచ్చిన ఎస్‌హెచ్ఏ256 సంఖ్యతో పోల్చి చూసుకోండి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తోనో బలేనా ఎచర్‌తోనో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి, అందులో ఉన్నదంతా పోతుంది. ఇక కంప్యూటర్ ఆన్ చేస్తూ, పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవడానికి బూట్ మెనూ కీ నొక్కాలి. చాలా కంపెనీలవి ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9. లైవ్‌లోకి (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిచే పద్ధతి) వెళ్ళగానే ఇన్‌స్టాల్ బొమ్మ మీద నొక్కేయకండి. ఒక సాయంత్రం అలాగే వాడండి. వైఫై పట్టుకుంటోందా? స్పీకర్లు మోగుతున్నాయా? మూత వేసి తీస్తే లేస్తోందా? అక్కడే ఐబస్, ఎం17ఎన్ వేసి తెలుగు కొట్టించి చూడండి. రీస్టార్ట్ చేస్తే అది పోతుంది, అయినా మనకు కావలసిన జవాబు దొరికింది కదా.

ప్రింటర్ సంగతి తప్పకుండా అప్పుడే తేల్చుకోండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి హెచ్‌పీఎల్ఐపీ అనే డ్రైవర్ ఉంది కాబట్టి సులువు. పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్ మీదే వేసే పాత చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని మాత్రం చాలా తిప్పలు పెడతాయి. మా ఇంట్లోది అలాంటిదే, దాన్ని కదిలించడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఇంకొకటి, డిస్కు విభజించేటప్పుడు కరెంటు పోతే డేటా పోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచండి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఎక్కడైనా అడిగి తెచ్చుకోండి. ఫోటోలూ, పిల్లల సర్టిఫికెట్లూ ముందే వేరే డిస్కులో పెట్టుకోండి.

వేశాక మొదటి పని టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టడం. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే సిస్టమ్‌ని ఆ రోజుకి వెనక్కి తెచ్చుకోవచ్చు. మీ సొంత ఫైళ్ళకి ఇది బ్యాకప్ కాదు, వాటి కాపీ వేరుగా ఉండాలి.

నేను వాడేది డెబియన్ 13. ఎవరికీ మొదటి లినక్స్‌గా ఇవ్వను, నాకు మాత్రం అది చాలు.

నాన్న పాత అను ఫైళ్ళు కొన్ని లిబ్రేఆఫీస్‌లో (లినక్స్‌లో వర్డ్ లాంటిది) తెరిస్తే పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు కాబట్టి. కన్వర్టర్‌లో వేసి మారుస్తున్నాను, వత్తుల దగ్గర తప్పులు పడుతున్నాయి, నాన్న ప్రూఫ్ చూస్తున్నారు. ఏ కన్వర్టర్ ఎంత బాగా మార్చిందో ఆ పని పూర్తయ్యాక విడిగా రాస్తాను.