పదిహేనుకు ఒకటి: వేరుశనగ బొడిపెల లెక్కలో నా అనుభవం

రైజోబియం అనే బాక్టీరియా చేరి మొక్కకు నత్రజని అందించే వేరు బొడిపెలు వేరుశనగలో కొన్ని మొక్కలకు రావు; ఆ గుణం ఎలా సంక్రమిస్తుందో తేల్చే నా పరిశోధనలో చివరి లెక్క గత వారమే సరిపోయింది. అలాంటి మొక్కను మామూలు రకంతో సంకరం చేస్తే రెండో తరంలో 15 మొక్కలకు బొడిపెలు ఉండి ఒక్కదానికి ఉండవని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1980లోనే ప్రకటించారు. వేరుశనగ రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన పంట కనుక, ఒకే పని చేసే జన్యువు రెండు చోట్ల ఉంటుంది. రెండూ చెడితేనే రైజోబియం రాకను తెలిపే కబురు వేరు లోపల ఆగిపోయి బొడిపె కట్టదు. కదిరి-6 రకంతో అదే నిష్పత్తి వస్తుందా అన్నదే నా పని.

సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేసి మర్నాడు తెల్లవారుజామున పుప్పొడి అద్దడం నాకు తేలికగానే పట్టుబడింది. మొదటి తరం మొక్కలన్నిటికీ బొడిపెలు వచ్చాయి. రెండో తరంలో 240 మొక్కలను కళాశాల పొలంలోనే పెంచాను.

నత్రజని అందని మొక్క పసుపు బారుతుంది. నా ప్రయోగానికి ఆ పసుపే ఆధారం. అయితే ఎవరో పెద్ద అధికారి పొలం చూడటానికి వస్తున్నారని, పసుపు మొక్కలు కనిపిస్తే పరువు పోతుందని, పొలం సూపర్‌వైజరు ఇరవై రెండో రోజున వాటి చుట్టూ యూరియా చల్లించాడు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. సెలవు నుంచి తిరిగి వచ్చి, మడి అంతా పచ్చగా ఉందని నేను మురిసిపోయాను కూడా.

నలభయ్యో రోజున మట్టిగడ్డతో సహా తవ్వి, వేళ్లు కడిగి చూస్తే బొడిపెలు లేనివి 41 తేలాయి. పదహారింట ఒకటి చొప్పున ఉండవలసినవి 15. అంచనాకూ అసలు లెక్కకూ తేడాను కొలిచే కై స్క్వేర్ విలువ 3.84 దాటకూడని చోట 48 వచ్చింది. అప్పుడైనా అనుమానించకుండా వేరే నిష్పత్తులు వెతికాను. పదహారింట మూడు మొక్కలకు బొడిపెలు ఉండని 13:3 అచ్చంగా అతికింది. ఒక జన్యువు మరొకదాన్ని అణచివేస్తోందని సిద్ధాంతం అల్లి, కొత్త విషయం కనిపెట్టానన్న ధీమాతో విభాగం సెమినార్‌లో బోర్డు మీద పటం గీశాను. వెనక వరుసలో కూర్చున్న ఒక రిటైర్డ్ ఆచార్యులు, "ఏమ్మా, ఆ మడిలో ఎవరైనా యూరియా చల్లారా?" అని మాత్రమే అడిగారు. లేదండీ అని గట్టిగా చెప్పాను. ద్వారం దగ్గర నిలబడిన కూలీ ఒకాయన, "చల్లాము కదండీ, పసుపు మొక్కల చుట్టూ" అన్నాడు. ఆ గదిలో వినిపించిన నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది.

యూరియా నేలలో నైట్రేట్‌గా మారుతుంది. ఆ నైట్రేట్ దండిగా దొరికితే మొక్క బాక్టీరియాను పోషించే ఖర్చు పెట్టుకోదు. బొడిపెలను తానే ఆపేస్తుంది. ఆ అదుపు తప్పి, నైట్రేట్ ఉన్నా విపరీతంగా బొడిపెలు వేసే సోయా మొక్కలను ఆస్ట్రేలియాలో 1985లోనే వర్ణించారు. ఇవన్నీ చదివినదాన్నే. తప్పు సూపర్‌వైజరుదే అని ఇప్పటికీ అంటాను. కానీ ఆవగింజ కంటే చిన్నవిగా, చిదిమితే లోపల ఎర్రగా కాక తెల్లగా ఉన్న బొడిపెలను "లేవు" గడిలో వేసింది మాత్రం నేనే. ఈ పని మొదలుపెట్టేవారు పొలం సిబ్బంది మాట నమ్మకండి; తవ్వే ముందు ఆ మట్టిలో నైట్రేట్ ఎంతుందో పరీక్ష చేయించండి. చిన్న బొడిపెలకు వేరే గడి పెట్టండి.

ఆ 41 మొక్కలను నేను పారేయలేదు. కుండీల్లో తిరిగి నాటి బతికించి, ప్రతి మొక్క గింజలనూ నత్రజని లేని ఇసుకలో విడివిడిగా పెంచి, రైజోబియం కల్చర్ పోశాను. 14 కుటుంబాల్లో ఒక్క మొక్కకూ బొడిపె రాలేదు. మిగిలిన 27 కుటుంబాల్లో వచ్చాయి. పదిహేనుకు పద్నాలుగు: కై స్క్వేర్ 0.07. సిద్ధాంత గ్రంథంలో 13:3 పేజీ తీసేశాను. అదే మాటతో అచ్చయిన సెమినార్ సారాంశం మాత్రం విభాగం బీరువాలో అలాగే ఉంది.