ప్లేటులో పారాణి

"పసుపు పేరు వినగానే నువ్వు కంట్రోళ్ళు పెట్టడం మానేశావు."

2025 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, పదకొండు మంది ఎదురుగా మా ప్రొఫెసర్ నాతో అన్న మాట ఇది. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. కంట్రోలు అంటే, కనబడే ఫలితం నిజంగా ఆ పదార్థం వల్లే వచ్చిందో కాదో తేల్చుకోవడానికి పక్కనే పెట్టుకునే సరిచూసే పరీక్ష. తెర మీద నా గ్రాఫు ఉంది. పసుపులోంచి తీసిన కర్‌క్యుమిన్ మోతాదు పెరిగేకొద్దీ బర్డ్ ఫ్లూ వైరస్ ఎంజైము పని తగ్గుతూ పోతోంది. చక్కటి వంపు. దాన్ని చూసిన సంతోషంలో మూడు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆవిడ ఆ ఒక్క మాటా అని, "తర్వాత ఎవరు?" అంటూ పక్కకి తిరిగారు.

నేనుండేది జర్మనీలో, హెస్సే రాష్ట్రంలో. మొక్కల్లో దొరికే పదార్థాలు ఫ్లూ వైరస్‌ని ఆపగలవేమో చూడటం మా ల్యాబ్ పని. అది గాలిలో మేడలు కట్టే పని కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైరాలజిస్టులు అతిమధురంలోని గ్లిసిరైజిన్‌ని హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకిన ఊపిరితిత్తుల కణాల మీద పరీక్షించి, 2011లోనే ఫలితాలు ప్రచురించారు. మా జాబితాలో అతిమధురం ఉంది, గ్రీన్ టీ ఉంది, ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ ఉంది. కర్‌క్యుమిన్‌ని పట్టుబట్టి చేర్పించింది నేనే.

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. హైదరాబాద్‌లో నా గైడ్ ఇంతకంటే ఎక్కువే తిట్టేవారు. కారిడార్ చివరిదాకా వినపడేది. కానీ సాయంత్రానికి "ఏమ్మా, టీ తాగావా?" అనేవారు, దాంతో అయిపోయేది. కోపం అయితే చల్లారేదాకా ఆగొచ్చు. ఇక్కడ అసలు కోపమే లేదు. లేని కోపం ఎలా చల్లారుతుంది? మర్నాడు ఆవిడ మామూలుగా నవ్వుతూ పలకరించారు, నేనే తల దించుకుని వెళ్ళిపోయాను. అందరూ ఆవిడని పేరు పెట్టి పిలుస్తారు. మూడేళ్ళయినా నాకు నోరు రాదు, ప్రొఫెసర్ అనే అంటాను. ఆ రోజు నుంచి అది కూడా అనలేకపోయాను.

ఉక్రోషం కూడా వచ్చింది. ఈ ఊళ్ళో ఏ మందుల షాపుకి వెళ్ళినా దగ్గుకి ఐవీ ఆకుల సిరప్ ఇస్తారు, జలుబుకి దక్షిణాఫ్రికా నుంచి వచ్చే పెలర్గోనియం వేరు చుక్కలు ఇస్తారు. గొంతు నొప్పి అంటే మా ప్రొఫెసరే థైమ్ టీ తాగుతారు. వాటికి లేని అనుమానం మా పసుపుకే ఎందుకు? వీధి చివర కేఫ్‌లో పసుపు పాలు "కుర్‌కుమా లాటే" అయి కూర్చున్నాయి. 1995లో అమెరికా వాళ్ళు గాయాలకి పసుపు రాయడం మీద పేటెంటే ఇచ్చేశారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడితే గానీ 1997లో రద్దు కాలేదు. ఇవన్నీ మనసులో వరసగా పేర్చుకుని, కాఫీ గదిలో ఆవిడ ఒంటరిగా దొరికినప్పుడు సగం చెప్పేశాను. టామిఫ్లూ అనే ఫ్లూ మందు సంగతి కూడా అన్నాను. మనం బిర్యానీలో వేసే అనాసపువ్వులోని షికిమిక్ ఆమ్లం నుంచే కదా అది తయారైంది? 2005లో ప్రపంచమంతా బర్డ్ ఫ్లూ భయంతో ఆ మందు నిల్వ చేసుకుంటుంటే అనాసపువ్వుకే కరువొచ్చింది. మా హైదరాబాద్ మందుల కంపెనీ హెటిరోకి దాన్ని తయారుచేసే రోష్ కంపెనీ లైసెన్సు ఇచ్చింది కూడా ఆ ఏడాదే.

ఆవిడ శ్రద్ధగా విన్నారు. "అనాసపువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. షికిమిక్ ఆమ్లం కూడా వైరస్‌ని ఆపదు. దాని మీద ఇంకో పది మెట్ల రసాయన శాస్త్రం నడిస్తేనే మందు అయింది. పేటెంటు కేసులో మీరు నిరూపించింది పసుపు మీ దేశానిదని. అది పనిచేస్తుందని కాదు. ప్లేటు మళ్ళీ పెట్టు, నేనూ వస్తాను" అన్నారు.

ఆ ప్లేటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది చిన్న చిన్న గుంటలున్న పళ్ళెం, ఒక్కో గుంటలో ఒక్కో పరీక్ష. న్యూరామినిడేజ్ అనే ఎంజైము వైరస్ చేతిలో కత్తెర లాంటిది. కణంలో తయారైన కొత్త వైరస్‌లు విడిపోయి వెళ్ళాలంటే కణం ఉపరితలం మీది సియాలిక్ ఆమ్లాన్ని అది కత్తిరించాలి. టామిఫ్లూ పట్టుకునేది ఆ కత్తెరనే. దాని పని కొలవడానికి మ్యూనానా అనే పదార్థం కలుపుతాం. కత్తెర దాన్ని తెంపితే ఒక ముక్క విడివడుతుంది. 365 నానోమీటర్ల కాంతి వేస్తే ఆ ముక్క 450 దగ్గర నీలంగా వెలుగుతుంది. వెలుగు తగ్గితే కత్తెర ఆగినట్టు లెక్క. కర్‌క్యుమిన్ పసుపుగా కనిపించేదే నీలి వెలుగుని మింగేస్తుంది కనక. అంటే కత్తెర ఆగకపోయినా వెలుగు తగ్గినట్టే కనిపిస్తుంది. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ఫిజిక్సు అది. నాకు గుర్తు రాలేదు.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే. చివర్లో మేము పోసే స్టాప్ సొల్యూషన్ క్షారం. అది పడగానే కర్‌క్యుమిన్ ఉన్న గుంటలు ఎర్రబడ్డాయి, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు. మొదటిసారి ప్లేటు పెట్టినప్పుడే ఆ ఎరుపు చూశాను. చూసి మురిసిపోయాను. అక్క పెళ్ళిలో అమ్మమ్మ గిన్నెలో పారాణి కలపడం కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లోవాళ్ళెవరో ఈ పరాయి ఊరి ల్యాబ్‌కి వచ్చి నన్ను పలకరించినట్టుంది. అదే ఇంకే పదార్థమైనా రంగు మారితే వెంటనే చేయి ఆపేదాన్ని. పసుపు కాబట్టి ఆపలేదు.

బుధవారం మళ్ళీ పెట్టాం. ఈసారి కొన్ని గుంటల్లో ఎంజైముని పూర్తిగా పనిచేయనిచ్చి, స్టాప్ సొల్యూషన్ పోశాక అప్పుడు కర్‌క్యుమిన్ కలిపాను. కత్తెర పని అప్పటికే ముగిసిపోయింది, ఇక ఆపడానికేమీ లేదు. అయినా వెలుగు తగ్గింది. అదే వంపు, దాదాపు అవే అంకెలు. ఆవిడ నా పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు తెర వైపే చూశారు. "ఇప్పుడు ఇది డేటా. నీ పట్టికలో రాయి, పేపర్‌లో పెడదాం. ఇంకొకరు ఇదే గోతిలో పడకుండా ఉంటారు" అన్నారు. ఇంటికి వెళ్ళే వేళ ఆవిడకి ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడి వాళ్ళకి ఆ వేళ ఎంత ముఖ్యమో తెలిసినదాన్ని, నాకు గొంతు పట్టేసింది.

తర్వాత కణాల మీదా చూశాం. ఎక్కువ మోతాదులో వైరస్ తగ్గింది గానీ కణాలు కూడా చచ్చాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమే అది. పైగా కర్‌క్యుమిన్ నిలకడైనది కాదు. శరీరపు వేడి దగ్గర, రక్తపు సీరం కలపని బఫర్ ద్రావణంలో అరగంటలో 90 శాతం విరిగిపోతుంది. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు దీని మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియని డబుల్ బ్లైండ్ పద్ధతిలో, ప్లాసిబో అనే ఉత్తుత్తి మందుతో పోల్చి చేసినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని రాశారు. ఆ వ్యాసం నేను జాబితా తయారుచేసేటప్పుడే చదివాను. చదివి పక్కన పెట్టాను.

ఆ వారంలోనే బాబాయి ఫోన్ చేశాడు. మాది తణుకు దగ్గర పల్లె, బాబాయికి లేయర్ కోళ్ళ షెడ్డు ఉంది. వేల్పూరులో, కానూరు అగ్రహారంలో కోళ్ళ శాంపిళ్ళు బర్డ్ ఫ్లూ పాజిటివ్ వచ్చాక చుట్టూ పది కిలోమీటర్లు నిఘాలో పెట్టారు. గుడ్లు కదలట్లేదు.

"ఏమ్మా, నీళ్ళల్లో పసుపూ వెల్లుల్లీ కలిపి పెడుతున్నాను. నువ్వక్కడ చూసేది అదే కదా, ఎంత కలపమంటావ్?"

"అది పనిచెయ్యదు బాబాయ్."

"ఆ జర్మనీ ఆవిడ చెప్పిందా?"

"నేనే చూశాను. రెండుసార్లు చూశాను."

కాసేపు మాట్లాడలేదు. షెడ్డు గుమ్మంలో కాళ్ళు ముంచే మందు నీళ్ళ తొట్టి ఉందా అని అడిగాను. పసుపు పెడుతున్నాం కదా అని తీసేశారట. గుడ్ల ట్రేలు బయటి నుంచి వస్తున్నాయా అంటే, వస్తున్నాయన్నాడు. కోళ్ళకి ఫ్లూ మందులు ఎందుకివ్వరో కూడా చెప్పాను. చైనాలో ఒకప్పుడు కోళ్ళకి అమాంటడిన్ అనే ఫ్లూ మందు కలిపి పెట్టారు, ఆ మందు ఫ్లూ మీద పనిచేయకుండా పోవడానికి అదీ ఒక కారణమంటారు. మేము వెతికేది మనుషుల కోసం. కోళ్ళకి కావలసింది తొట్టి, సున్నం, బయటివాళ్ళు లోపలికి రాకపోవడం.

"మీ నానమ్మ ఉంటే నీతో దెబ్బలాడేది" అన్నాడు. తర్వాత, "సరే, పొద్దున్నే పెట్టిస్తాలే" అన్నాడు.

మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఇదే వైరస్‌తో చనిపోయింది. ఆ వార్త నేను ల్యాబ్‌లోనే చదివాను. మా ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి చూపించాను. పటంలో పల్నాడు ఎక్కడుందో, మా ఊరు ఎక్కడుందో అడిగి, వేలితో దూరం కొలిచారు. ఆ రోజు మొదటిసారి ఆవిడని పేరు పెట్టి పిలిచాను.

జాబితాలో ఇప్పుడు అతిమధురం వంతు. పుస్తకంలో దాని పేజీ తెరిచి, పైన మొదటి గడిలో రంగు కంట్రోలు రాసుకున్నాను.