వాటం

ఆదివారం.

పొద్దున ఆరింటికి, కాఫీ కూడా పెట్టకుండా, కిందికి దిగి కవర్లు పీకాను. గచ్చులో చెమ్మ ఉందేమో చూద్దామని నిన్న మధ్యాహ్నం రెండింటికి నేలకి అంటించినవి. రెండడుగుల పాలిథిన్ ముక్క, నాలుగంచులా టేపు. పరీక్షంతా అంతే. తడి కవరుకి పైవైపు ఉంటే గదిలో గాలిది, కిందివైపు ఉంటే నేలది. వీధివైపు ముక్క పొడిగా ఉంది. కొండవైపు ముక్కకి లోపల చెమట పట్టింది, గచ్చు ఆ మేరకి నల్లబడింది.

మాది సీతమ్మధారలో కొండవాలు ఇల్లు. ముందునుంచి చూస్తే రెండంతస్తులు, వెనకనుంచి చూస్తే ఒకటే. కింది గది వీపంతా కొండలోనే ఉంటుంది. విశాఖ కొండలు చాలావరకు ఖోండలైట్ రాయి. చూడ్డానికి రాయే గానీ పైపొరంతా మగ్గి, పగిలి, ఎర్రమట్టయిపోయి ఉంటుంది. వానలకి తాగిన నీళ్లని తర్వాత తాపీగా వదులుతుంది. వదిలే దోవలో మా గోడ ఉంది.

ఈ గదిని పాటలు వినడానికే ఉంచుకుంటానని రిటైరైన రోజే చెప్పేశాను. పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. నాన్న రికార్డులు, నా క్యాసెట్లు, రెండు పెద్ద స్పీకర్లు, ఒక పడక్కుర్చీ. అన్నీ కుదిరాయి, నేలకి ఏం వెయ్యాలన్న దగ్గరే నెల రోజులుగా ఆగిపోయింది.

అబ్బాయి ఫోన్లో ఒకటే పాట. "వుడెన్ ఫ్లోర్ వెయ్యమ్మా, సౌండు వెచ్చగా ఉంటుంది." వాడుండే డెన్వర్లో తడిబట్ట ఇంట్లోనే ఇట్టే ఆరిపోతుందట. ఇక్కడ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి అప్పడాలు మెత్తబడతాయి. ఆ చెక్క పలకలేమో లోపల చెక్కపొడి, జిగురు కలిపి నొక్కినవి. ఒకసారి నీళ్లు తాగి అంచులు ఉబ్బాయంటే మళ్లీ అణగవు. పొద్దున చూసిన చెమటతో ఆ ముచ్చట తీరింది. అయినా నేలమీద పోసిన సిమెంటు కదలదు, మోగదు. దానిమీద మెత్తటి షీటు పరిచి చెక్క బిగిస్తే అడుగేసిన చోటల్లా డొల్లగా చప్పుడు. వెచ్చదనం ఎక్కడ వస్తుందో వాణ్నే అడగాలి.

పదింటికి ఈయనా నేనూ టైల్స్ షాపుకి వెళ్లాం. సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిపిన ఎస్‌పీసీ పలకలు చూపించారు. నీళ్లకి అవి చెక్కుచెదరవు, నిజమే. కానీ కింద చేరిన తడి ఎటు పోతుంది? బూజు వాసనలో కూర్చుని కల్యాణి రాగం వినలేను. ఇక విట్రిఫైడ్ టైల్స్. అవి తమ బరువులో అర శాతానికి మించి నీరు తాగవు, ఆ గుణం నచ్చింది. కుర్రాడు మాత్రం, "మేట్ ఫినిష్ తీస్కోండి మేడం, ఎకో తగ్గుద్ది," అన్నాడు. నవ్వొచ్చింది. మేట్ తగ్గించేది మెరుపుని, మోతని కాదు. నున్నగా ఉన్నా గరుగ్గా ఉన్నా టైలు తనమీద పడిన శబ్దాన్ని దాదాపు అంతా తిప్పికొడుతుంది. అయినా మేటే తీసుకున్నాను, కాలు జారదని.

గోడ నుంచి గోడకి కార్పెట్ వేసేద్దామన్నారు ఈయన. రెండు మూడు వారాల క్రితమైతే నేనూ ఒప్పుకునేదాన్ని. పైన పిల్లల గదిలో అలాంటిదే ఉంది, అక్కడ పెట్టి విన్నాను. పలచటి కార్పెట్ పైస్థాయి ధ్వనినే మింగుతుంది, కింది స్థాయిని ముట్టుకోదు. అంటే తంబూరా జీవం పోతుంది, మృదంగం ఎడమవైపు తొప్పి మాత్రం బుంయ్‌మంటూనే ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తి గారు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. ఈ ఊళ్లోనే ఉండి, ఈ ఊళ్లోనే పోయిన మనిషికి అంత అన్యాయమా?

మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దం తీసుకుని కిందికి వెళ్లాం. ఈయన్ని పడక్కుర్చీలో కూర్చోబెట్టి, నేను స్పీకరుకీ కుర్చీకీ మధ్య అద్దాన్ని నేలమీద జరుపుతూ వెళ్లాను. ఎక్కడ అద్దంలో స్పీకరు కనబడితే అక్కడే నేలని తాకిన శబ్దం చెవికి వస్తుంది. వెలుతురుకీ శబ్దానికీ ఈ విషయంలో లెక్క ఒకటే.

"కనబడిందా?"

"నీ మొహం కనబడుతోంది."

"స్పీకరండీ!"

రెండు స్పీకర్లకీ రెండు చోట్లు దొరికాయి, సుద్దముక్కతో గీశాను. అక్కడ అమ్మ నాటి జంపఖానా, దానికింద పాత బొంత. నేలంతా టైలు, ఆ మేరకే మెత్తన. తడి ఎక్కితే రెండూ తీసుకెళ్లి డాబా మీద ఎండేసుకోవచ్చు. చప్పట్లు కొడితే ఇంకా గోడల మధ్య గణగణమంటోంది. దాని సంగతి పుస్తకాల బీరువాలు వచ్చాక.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. అసలు గొడవ అక్కడ.

"వాటం ఎటు ఇమ్మంటారమ్మా?"

వాటమేమిటి, ఇదేమన్నా పెరడా, నేల సమంగా ఉండాలన్నాను.

"నీల్లొస్తే ఎటెల్తాయమ్మా మరి?"

రావన్నాను. అతను కొండవైపు గోడ కేసి చూశాడు. గోడకి మోకాలెత్తున పాత గీత ఇంకా ఉంది, రెండుసార్లు రంగు వేయించినా. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే, హుద్‌హుద్ తుఫాను. కరెంటు లేక మర్నాడు పొద్దున గానీ కిందికి దిగలేదు. నాన్న రికార్డులు బీరువా అడుగు అరలో ఉన్నాయి. రికార్డులు కడిగితే బతికాయి. అట్టలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే పేలికలైపోయాయి. ద్వారం వారి వయొలిన్ ఏ తెల్ల కవర్లో ఉందో ఇప్పటికీ మూడు తీస్తే గానీ తెలీదు.

పన్నెండడుగులకి అంగుళం వాటం, వీధివైపు మూల ఒక తూము. ఒప్పుకున్నాను. స్పీకర్లు ఒరగవా అని ఈయన అడిగారు. లెక్కేస్తే ఒక్కో స్పీకరు పీటకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కూడా తేడా రాదు. కింద మరలున్న మేకులుంటాయి, తిప్పి సరిచేసుకోవచ్చు. రికార్డు ప్లేయరే నిఖార్సుగా సమంగా ఉండాలి, లేకపోతే ముల్లు ఒక పక్కకే మొగ్గుతుంది. దాన్ని నేలమీద కాకుండా గోడకి బిగించిన అర మీద పెడతాను.

మేస్త్రి వెళ్లబోతుంటే, సమంగా ఉందో లేదో చూసే నీ రసమట్టం ఒక్కరోజు ఇచ్చి వెళ్తావా అని అడిగాను.

"పాటలకి రసమట్టం ఏటమ్మా?" అన్నాడు గానీ, మంగళవారం ఇసుకతో పాటు తెస్తానన్నాడు.