కుందేళ్లు లేకుండా కంటిమందు పరీక్ష: నా అనుభవం

గత వారం నా ఎం.ఫార్మసీ వైవా ముగిసింది. కంట్లో పడగానే జెల్‌గా మారే చుక్కల మందు నా థీసిస్ అంశం. అటువంటి మందు కంటిని మండిస్తుందా లేదా అన్నది తేల్చడానికి 1944 నాటి డ్రెయిజ్ పద్ధతిలో కుందేలు కంట్లో మందు వేసి, ఎరుపును, వాపును రోజుల తరబడి లెక్కగట్టడం మా విభాగంలో ఆనవాయితీ. నేను అందుకు బదులుగా, పొదుగుతున్న కోడిగుడ్డులోని రక్తనాళాల పొరపై చేసే హెట్-క్యామ్ పరీక్షను ఎంచుకున్నాను. గైడ్ వెంటనే ఒప్పుకున్నారు.

కుందేళ్లకు అనుమతి కోరుతూ విభాగం అంతకుముందే ఫారం-బి ఇచ్చి ఉండటంతో, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎథికల్ కమిటీ ముందుకు వెళ్లవలసి వచ్చింది. అక్కడ ఒక సీనియర్ ప్రొఫెసర్ నా కాగితాలు తెరవకుండానే, "కుందేలును పట్టుకోవడానికి భయపడేదానివి ఫార్మసీలోకి ఎందుకు వచ్చావమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగినా నేను ఆగలేదు. వీలైన ప్రతిచోటా జంతువులపై ప్రయోగాలను మానాలని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 17వ సెక్షను చెబుతోందని, జంతువే ఎందుకు అవసరమో ఫారం-బిలోనే రాయమంటారని వివరించాను. జంతువు ఎందుకు కావాలని అడగవలసిన కమిటీ, ఎందుకు వద్దని నన్ను నిలదీయడం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. బయటి సంస్థ నుంచి వచ్చిన సభ్యురాలు ఒక్కరే నా ప్రోటోకాల్ చదివి, "కంట్రోల్స్ ఏమిటి?" అని, అంటే నా మందును వేటితో పోల్చి చూస్తానని అడిగారు. మండించనిదానికి 0.9 శాతం సెలైన్, మండించేదానికి 0.1 ఎన్ సోడియం హైడ్రాక్సైడ్ అని చెప్పాక అనుమతి వచ్చింది.

దుకాణంలో అమ్మే గుడ్లు ఇందుకు పనికిరావు. పొదిగే గుడ్లను హ్యాచరీ నుంచే తెచ్చుకోవాలి. నొప్పి తెలిసే నాడీవ్యవస్థ ఇంకా సిద్ధం కాదని శాస్త్రవేత్తలు భావించే తొమ్మిదో రోజున, గాలిగది వైపు పెంకు తీసి, లోపలి తెల్లపొరను సెలైన్‌తో తడిపి ఫోర్సెప్స్‌తో మెల్లగా ఒలిస్తే ఎర్రటి నాళాలు బయటపడతాయి. సోడియం హైడ్రాక్సైడ్ పడగానే అవి చిట్లి నెత్తురు పరుచుకుంది. నా మందు వేసిన పొర మాత్రం 300 సెకన్ల పాటు చెక్కుచెదరలేదు. మందు కంటిపొరను దాటే వేగాన్ని కబేళా నుంచి తెచ్చిన మేక కళ్లపై కొలిచాను.

ఈ పరీక్షను ఎంచుకునే విద్యార్థులకు ఒక మాట: గాయం మానే తీరును గుడ్డు చూపలేదు కదా అని వైవాలో అడుగుతారు. ఆ పరిమితిని థీసిస్‌లో ముందే రాసుకోండి. కమిటీకి బయటి నుంచి వచ్చే సభ్యులకు ప్రోటోకాల్ ముందుగానే అందేలా చూసుకోండి. సొంత కళాశాల పెద్దలు దాన్ని చదివి వస్తారని నమ్మకండి.